కార్బన్ మరిచిపోయిన సినిమాలు

సంపాదకులవారికి నమస్కారాలు.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో వేసిన పాతిక గొప్ప తెలుగు సినిమాల జాబితా మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆత్రంగా, రెండోసారి చేతిలో పెన్సిలు పట్టుకుని, మూడోసారి మా ఆవిడకు వినపడేట్టు పైకి. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ పాతికా విని, “అన్నీ ఏడుపేనా? నవ్వుకోటానికి ఒక్కటన్నా రాశారా?” అంది. మళ్లీ వెతికాను. రాయలేదు. “గుండమ్మ కథ లేదా?” అంది. లేదన్నాను. “అయితే ఆ పేపరు ఇటివ్వండి, ఉల్లిపొట్టు ఎత్తుతాను” అంది. అందుకే ఈ ఉత్తరం చూసి రాస్తున్నది కాదు, జ్ఞాపకం ఉన్నంతవరకు రాస్తున్నది. పొరపాట్లుంటే మన్నించాలి.

నేను విమర్శకుణ్ని కాను. తెనాలిలో సినిమా ఆపరేటరుగా పనిచేసి దిగినవాణ్ని. 1968లో పదిహేనేళ్ల వయసులో ఒక టూరింగు టాకీసులో రీళ్లు చుట్టే కుర్రాడిగా చేరాను. 2011లో హాలువాళ్లు మిషన్లు తూకానికి అమ్మేసిన రోజున ఇంటికొచ్చాను. మీరందరూ కుర్చీలో కూర్చుని చూసిన సినిమాల్ని నేను గోడలో ఉన్న జానెడు కంతలోంచి, నిలబడి, చెమటలు కక్కుతూ చూశాను. చూశాను అనటం కూడా సరికాదు. చూస్తూ కూర్చుంటే జీతం ఇవ్వరు.

ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో తెర మీద వెలుగు బల్బుది కాదు. మిషను వెనక లాంపుహౌసులో రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా బిగిస్తాం. వాటి కొసలు ఒకసారి తాకించి విడదీస్తే మధ్యలో కళ్లు పోయేంత తెల్లటి మంట లేస్తుంది. వెనకనున్న గుంట అద్దం ఆ వెలుగును ఫిల్ము మీదికి తోస్తుంది. కడ్డీలు కాలేకొద్దీ అరుగుతాయి, మధ్యలో సందు పెరుగుతుంది. చేత్తో మర తిప్పుతూ వాటిని వెంట్రుకవాసి చొప్పున దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఆ ధ్యాస తప్పిందా, తెర ముందు పసుపుబారుతుంది, తర్వాత మసకేస్తుంది, ఆనక చీకటి. నేల క్లాసులోంచి “లైటూ...” అని ఒకడు రాగం తీస్తాడు. వాడి వెనక హాలంతా అందుకుంటుంది. మా అమ్మానాన్నల ప్రస్తావన కూడా అక్కడే వచ్చేది.

నా కొలబద్ద అదేనండీ. ఏ సినిమా చూస్తూ నేను కార్బన్ మరిచిపోయానో అదే నాకు గొప్ప సినిమా. అది మొదటి ఆటలో జరిగితే లెక్కలోకి తీసుకోను, కొత్త సినిమా అంటే ఎవరికైనా ఆత్రమే. రోజుకు నాలుగాటలు వేసి, డైలాగులన్నీ నోటికొచ్చి, పాట రాగానే వీపు తెర వైపు తిప్పి క్యారేజీ విప్పుకునే స్థితికి వచ్చాక కూడా ఏ రీలు దగ్గర చెయ్యి ఆగిపోయిందో అదీ లెక్క. పెద్ద పెద్ద సినిమాలు చాలా నా కార్బన్‌ను కదిలించలేదు. వాటి పేర్లు రాయను, ఈ వయసులో అభిమాన సంఘాలతో పోట్లాట ఎందుకు?

వరసలో మొదటిది మాయాబజార్. ఇది మీ జాబితాలోనూ ఉంది, సంతోషం. కానీ మీవాళ్లు దాని గురించి రాసిన నాలుగు ముక్కల్లో కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే పేరు లేదు. వెలుగుతో బతికినవాణ్ని కాబట్టి ఇది నాకు మీ అందరికన్నా ఎక్కువ గుచ్చుకుంది. నేను టూరింగులో చేరేసరికి ఆ సినిమా వచ్చి పదకొండేళ్లు, 1957 నాటిది. మాకొచ్చిన ప్రింటు అప్పటికే ఎన్ని ఊళ్లు తిరిగిందో, నిలువునా వాన గీతలు. ఆకాశం నిర్మలంగా ఉన్నా తెర మీద జోరున వాన. మాకు ఒక్కటే మిషను. రీలు అయిపోగానే లైటు వేసి, ఇంకో రీలు ఎక్కించేదాకా జనం పల్లీలు తింటూ కూర్చునేవాళ్లు. అంత దరిద్రపు ప్రింటులో కూడా లాహిరి పాట రాగానే గుడారంలోకి వెన్నెల దిగేది. గీతల వెనకనుంచి దిగేది.

వివాహభోజనం రీలు అయిపోయాక ఒక రాత్రి పెట్రోమాక్సు దగ్గర కూర్చుని ఆ ఫిల్మును చేత్తో జరుపుతూ ఒక్కో ఫ్రేమూ వెలుగుకు ఎదురుగా పట్టి చూశాను. లడ్డూలు వాటంతటవే ఎస్వీ రంగారావు నోట్లోకి ఎలా పోతున్నాయో పట్టుకుందామని. అడుగుకు పదహారు ఫ్రేములు. పదిహేనేళ్ల కళ్లు, ఎంత సూక్ష్మమైనా కనిపించాలి. తీగ కనపడలేదు. మా హెడ్ ఆపరేటరు చూసి చెవి మెలేసి, “అది కనపడితే ఇంక సినిమా ఏముందిరా” అన్నాడు. తెల్లారి రెండో ఆటలో మళ్లీ అదే పాట, మళ్లీ నోరు తెరుచుకుని చూశాను, లైటు పోయింది. నా మొదటి చీకటి అదే.

పాండవులు ఒక్క ఫ్రేములో కూడా కనపడకుండా పాండవుల కథ చెప్పారని అందరూ అంటారు. నేను చెప్పేది వేరు. మాయా శశిరేఖగా సావిత్రి నడిచే నడక చూడండి. మిషను గదిలో మనకు మాటలు సరిగా వినపడవు, మిషను రొదే వినపడుతుంది. మూకీ చూసినట్టే. ఆ మూకీలో ఆవిడ ఒంట్లో రంగారావు కనపడతాడు. చీర కట్టుకున్న ఘటోత్కచుడు భుజాలు కదిలిస్తున్నాడు, కళ్లు ఉరుముతున్నాడు. పీటల మీద పెళ్లికొడుకు రేలంగి కాలు తొక్కే చోట మాటలు అక్కర్లేదు. మొన్న ‘మహానటి’ వచ్చినప్పుడు, 2018లో, మా మనవడు విజయవాడ తీసుకెళ్లి చూపించాడు. ‘అహ నా పెళ్ళియంట’ పాటను ఆ అమ్మాయి కీర్తి సురేశ్ ఎంత కష్టపడి దించిందో నాకు తెలుస్తూనే ఉంది. నా పెదాలు తెర కన్నా ముందే కదులుతున్నాయి. మనవడు గిల్లాడు.

1973లో తెనాలికి వచ్చాను. పక్కా హాలు, రెండు మిషన్లు. తెర కుడివైపు పైమూల చుక్క మెరిస్తే రెండో మిషను మోటారు వెయ్యాలి, ఇంకో చుక్కకు దీన్ని మూసి దాన్ని తెరవాలి. రెండు చుక్కలకూ మధ్య ఏడు సెకన్లు. కుర్చీలో వాళ్లెవరికీ ఆ చుక్కలు కనపడవు. నాకు ఇప్పటికీ టీవీలో పాత సినిమా వస్తే కథ కన్నా ముందు అవే కనపడతాయి.

మరుసటి ఏడు మే 1న అల్లూరి సీతారామరాజు వచ్చింది. తెలుగులో మొదటి సినిమాస్కోపు. తెనాలిలో ఆ సినిమా అంటే మాటలా? కృష్ణగారిది బుర్రిపాలెం, మాకు కూతవేటు దూరం. అందులో రూథర్‌ఫర్డ్ వేసిన జగ్గయ్యగారిది మోరంపూడి, అదీ మా పక్కనే. మన్యం వీరుడూ మావాడే, తుపాకీ ఎత్తిన దొరా మావాడే అని జనం మురిసిపోయేవాళ్లు. స్కోపు సినిమాను ఫిల్ములో అడ్డంగా నొక్కి బిగించి తీస్తారు, వేసేటప్పుడు ప్రత్యేకమైన లెన్సు పెట్టి సాగదియ్యాలి. ఆ లెన్సును విజయవాడ గాంధీనగరం నుంచి గుడ్డలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని రైల్లో తెచ్చాం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే న్యూస్‌రీలు మామూలుది, సినిమా స్కోపుది. మధ్యలో లెన్సు మార్చాలి. నా కంగారులో మార్చటం మరిచాను. తెర మీద మనుషులందరూ తాటిచెట్లలాగా సన్నగా పొడుగ్గా నిలబడ్డారు. బుర్రిపాలెం నుంచి బళ్లు కట్టుకొచ్చిన జనం. వాళ్ల హీరోను వెదురుబొంగు చేసి చూపించాను. ఒకాయన మెట్లెక్కి మిషను గది తలుపు మీద రెండు చేతులతో బాదాడు. లెన్సు మార్చాక తెర ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుంది. హాల్లో ఒక్కసారి నిశ్శబ్దం. అంతవరకు బూతులు తిట్టిన నోళ్లే తెరుచుకుని ఉండిపోయాయి. కొండలు, అడవి, గుర్రం, అన్నీ ఒకేసారి కంట్లో పట్టవు, తల తిప్పాల్సి వచ్చేది. శ్రీశ్రీ పాట ‘తెలుగు వీర లేవరా’ వచ్చినప్పుడు జనం లేచి నిలబడేవాళ్లు, వెనకవాళ్లు కూర్చోమని అరిచేవాళ్లు, నేను కార్బన్ మరిచేవాణ్ని. వీరగాథల్లో నా ఓటు దానికే. దర్శకుడు వి.రామచంద్రరావు మధ్యలోనే కన్నుమూస్తే మిగతాది కృష్ణగారే నిలబడి తీయించారని ఆ తర్వాత తెలిసింది.

దాన వీర శూర కర్ణ గురించి ఒక్క ముక్క. 1977 సంక్రాంతికి అదీ, కృష్ణగారి కురుక్షేత్రం ఒకే రోజు వచ్చాయి. ఎన్టీఆర్ మూడు వేషాలు, దర్శకత్వం, అన్నీ తానే. నాలుగు గంటలకు కాస్త తక్కువ. ఇరవైకి పైగా రీళ్లు. కొండవీటి వెంకటకవిగారి మాటలకు ఇవాళ్టికీ పల్లెల్లో పిల్లలు ‘ఏమంటివి ఏమంటివి’ అని వేషం కడతారు. గొప్ప సినిమా, కాదనను. కానీ ఆ నాలుగు వారాలు నేను ఇంట్లో అన్నం తిన్నది లేదు. ఆపరేటరు కడుపు మాడ్చిన సినిమాను ఆపరేటరు తన జాబితాలో వెయ్యడు. మీ జాబితాలో ఉంది, ఉండనివ్వండి.

ముత్యాల ముగ్గు (1975) మీరు వెయ్యకపోవటం మాత్రం నాకు అర్థం కాలేదు. బాపుగారు, ముళ్లపూడివారు, పైగా ఇషాన్ ఆర్య కెమెరా. ఆ ఛాయాగ్రహణానికి జాతీయ అవార్డు వచ్చింది. స్టూడియో లైట్లు కుమ్మరించిన సినిమాలే వేసీవేసీ ఉన్న నాకు ఆ ప్రింటు ఎక్కించిన రోజు ఎవరో కిటికీ తలుపు తీసినట్టయింది. మండువా ఇంట్లోకి పడే పొద్దుటెండ నిజంగా పొద్దుటెండలాగే ఉంది. రావు గోపాలరావు కాంట్రాక్టరు వచ్చి ‘కలాపోసన’ అన్న ఒక్క మాటతో ఊరినంతా పాడుచేశాడు. మా హాలు ముందు మిరపకాయ బజ్జీలమ్మే అతను కూడా ఎర్రటి పొద్దు చూస్తూ ఆ డైలాగు చెప్పి బజ్జీ మాడ్చేవాడు.

ఇక శంకరాభరణం. ఇది నాకు సినిమా గురించే కాదు, జనం గురించి కూడా బుద్ధి చెప్పింది. 1980 ఫిబ్రవరిలో వచ్చింది. హీరో చూస్తే తెల్లజుట్టు పెద్దాయన, జె.వి.సోమయాజులు. సినిమాలో పనిచేసేనాటికి ఆయన డిప్యూటీ కలెక్టరు. ఫైటింగు లేదు, పడుచు జంట డ్యూయెట్లు అంతంతమాత్రం. మా హాల్లో మొదటి మూడు రోజులు నేల క్లాసులో కుక్క పడుకున్నా ఎవరికీ అడ్డం కాలేదు. పంపిణీదారు తరఫున వచ్చిన మనిషి శుక్రవారం పెట్టె సర్దేద్దామన్నాడు. గురువారం మ్యాట్నీకి ఆడవాళ్లు వచ్చారు. ఎక్కడ విన్నారో, ఎవరు చెప్పారో! ఆదివారానికి టికెట్ల గది ముందు కర్రలు కట్టాల్సి వచ్చింది.

రోజూ సెకండ్ షోకి ఒక రిక్షా ఆయన వచ్చేవాడు. పగలంతా తొక్కి వచ్చి, నేల టికెట్టు తీసుకుని, గోడకు చేరబడి, టైటిల్సు పడుతుండగానే గురక. చివరి రీలు ఎక్కేసరికి ఎలా తెలిసేదో, లేచి కూర్చునేవాడు. ‘దొరకునా ఇటువంటి సేవ’ మొత్తం రెండు చేతులు ఒళ్లో పెట్టుకుని చూసి, ఇంటికెళ్లేవాడు. ఒకరోజు అడిగాను, సినిమా అంతా నిద్రపోయి ఆ ఒక్క పాటకు లేవటం ఏమిటని. “గుడికెళ్తే పూజంతా చూస్తామా బాబూ, హారతికి లేస్తాం” అన్నాడు. కె.విశ్వనాథ్‌గారు బతికుండగా ఈ మాట ఆయనకు రాద్దామనుకున్నాను. రాయలేదు. శంకరశాస్త్రి గొంతు ఆగిన చోట పిల్లవాడు పాట అందుకోవటం, ఆ పిల్లవాడి వేషం వేసింది తులసి అనే పిల్ల, అక్కడ నేను రెండు మిషన్లూ మరిచిపోయాను. ఒకటి కాదు. రెండూ. చుక్కలు వచ్చి వెళ్లిపోయాయి, తెర తెల్లగా మిగిలింది. జనం అరవలేదు. అయిపోయిందనుకుని ముక్కులు తుడుచుకుంటూ లేచారు.

నవ్వుల సినిమాల విషయంలో మా ఆవిడది ఒక పార్టీ, నాది ఒక పార్టీ. ఆవిడకు గుండమ్మ కథే. 1962లో చిన్నపిల్లగా వాళ్ల నాన్న భుజం మీద కూర్చుని చూసిందట. ఎన్టీఆర్ రుబ్బురోలు ముందు కూర్చోవటం, సూర్యకాంతం నోరు, ఎస్వీఆర్ పెద్దరికం. ఏ వేళకు టీవీలో వేసినా పొయ్యి కట్టేసి వస్తుంది. నా ఓటు జంధ్యాలగారి ‘అహ నా పెళ్లంట’కు (1987). వేలాడదీసిన కోడిని చూస్తూ కోట శ్రీనివాసరావు ఉత్త అన్నం తినే సీను ఉంది కదా, అక్కడ నేను ప్రతి ఆటలోనూ సౌండు పెంచేవాణ్ని. నవ్వుల్లో తర్వాతి మాట మునిగిపోతుంది మరి. ఎంత పెంచినా మునిగిపోయేది. ఆ మాట ఏమిటో వినటానికే మళ్లీ వచ్చామని చెప్పినవాళ్లున్నారు. నవ్వించే సినిమాకు అంతకంటే వసూళ్ల లెక్క ఏముంటుంది? బ్రహ్మానందం అరగుండుతో అక్కణ్నుంచే కదా మన ఇళ్లల్లోకి వచ్చాడు. పాతికలో జంధ్యాల సినిమా ఒక్కటి కూడా లేకపోవటం నాకు కోపం తెప్పించింది సార్, దాపరికం ఎందుకు?

అదే 1987లో సింగీతం శ్రీనివాసరావుగారి పుష్పక విమానం. మాటలు లేని సినిమా. మొదటి రోజు జనం సౌండు పాడైందనుకుని నా మీదికి వచ్చారు. “మిషను బాగానే ఉందయ్యా, వాళ్లే మాట్లాడరు” అంటే ఎవరూ నమ్మరే! పావుగంట గడిచాక సర్దుకున్నారు. నాకు మాత్రం జీవితంలో మొదటిసారి, హాల్లో వాళ్లు ఏం చూస్తున్నారో నేనూ అదే చూశాను. ఏళ్ల తరబడి మాటలు సరిగా వినపడని గదిలో ఉన్నవాడికి తన కోసమే తీసిన సినిమా దొరికితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

అందులో ఒక సంగతుంది. కమల్‌హాసన్ ఉండే ఇరుకు గది సినిమా హాలు పక్కన. రాత్రుళ్లు హాల్లోంచి వచ్చే ఫైటింగుల మోతలోనే నిద్రపోవటం అలవాటు. దొంగతనంగా పెద్ద హోటల్లో చేరాక ఆ పట్టుపరుపు మీద నిద్ర పట్టదు. చివరికి హాలు దగ్గరికెళ్లి ఆ మోత టేపురికార్డరులో ఎక్కించుకొచ్చి పెట్టుకుని హాయిగా పడుకుంటాడు. అప్పట్లో పగలబడి నవ్వాను. 2011లో పని మానేసి ఇంట్లో పడుకున్న మొదటి నెల నాకు ఒక్క రాత్రి కంటి మీద కునుకు పడలేదు. పెద్దకోడలు పాపం పాత టేబుల్ ఫ్యాను తెచ్చి తలాపున పెట్టింది. దాని రెక్క గార్డుకు తగిలి టకటకమంటుంది. బాగుచేయిస్తానంటే వద్దన్నాను. ఇప్పటికీ అదే నా మిషను.

శివ (1989) గురించి మా సైకిల్ స్టాండు కుర్రాణ్ని అడగాలి. నాగార్జున కాలేజీలో సైకిల్ చైను పీకిన రోజు నుంచి, ఆట వదిలాక ఒక్కొక్కడూ తన సైకిల్ చైను పీకి చూడటం. పీకితే రాదు, వచ్చినది మళ్లీ ఎక్కదు. అర్ధరాత్రి చేతులనిండా గ్రీజుతో వాడి ముందు వరస. మాటలు తక్కువ, అడుగుల చప్పుడు ఎక్కువ ఉన్న సినిమా అది. కెమెరా మనిషి వెంటే పరిగెత్తేది. నేను మర మీద చెయ్యి వేసి అట్లాగే బిగుసుకుపోయాను.

1990 మే 9 తేదీ కోస్తావాళ్లెవరూ మరిచిపోరు. జగదేకవీరుడు అతిలోకసుందరి విడుదలైన రోజే తుఫాను మా కృష్ణా తీరాన్ని కొట్టింది. కరెంటు స్తంభాలు నేలకొరిగాయి. హాలు రేకులు ఎగిరిపోయాయి. కొన్ని రోజులకు జనరేటరు పెట్టి ఆట వేస్తే, తెర ముందు పల్లం కాబట్టి నేల క్లాసులో మోకాలిలోతు నీళ్లు. అయినా వచ్చారండీ! బెంచీల మీద గొంతుక్కూర్చుని చూశారు. తెర మీద శ్రీదేవి దేవలోకం నుంచి దిగుతుంటే కింద నీళ్లలో ఆవిడ నీడ కూడా దిగేది. నేను కంతలోంచి తెరను చూడలేదు, నీళ్లనే చూశాను. ఇళ్లు కూలినవాళ్లు, తోటలు పడిపోయినవాళ్లు ఆ రెండున్నర గంటలు కాళ్లు పైకి పెట్టుకుని ఆ దేవకన్య ఇంద్రజ ఉంగరం కోసం దిగులుపడ్డారు. మొన్న సరిగ్గా ముప్ఫై అయిదేళ్లకు అదే తేదీన మళ్లీ విడుదల చేశారు, త్రీడీలో. నేను వెళ్లలేదు. నీళ్లు ఉండవుగా.

కాలయంత్రం ఎక్కి వెనక్కీ ముందుకీ తిరిగే ఆదిత్య 369 వచ్చినప్పుడు (1991) నేను పంపిణీవాళ్లతో తగాదా పడ్డాను. రెండు మూడు వేర్వేరు ప్రింట్ల రీళ్లు కలిపి మాకు అంటగట్టారని. కాలం మారినప్పుడల్లా రంగు తేడా కొడుతోంది. ఆ తర్వాత ఎవరో చెప్పారు, దానికి పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్ అని ముగ్గురు ఛాయాగ్రాహకులని. స్వామిగారు అంటే మా అల్లూరి తీసినాయనే. తగాదాపడ్డందుకు సిగ్గుపడి ఆ రాత్రి శ్రద్ధగా చూశాను. రాయలవారి కొలువు మీద పడ్డ వెలుగు, రాబోయే కాలం మీద పడ్డ వెలుగు ఒకటి కాదు. సైన్సు సినిమాలు మనవాళ్లకెక్కడ వచ్చు అనేవాళ్లకు ఇది చూపిస్తాను.

అమ్మోరు మాత్రం నన్ను భయపెట్టింది. తెర మీద బొమ్మ కాదు, హాల్లో జనం. 1995లో అది ఆడినన్నాళ్లూ ఆడవాళ్లు పసుపునీళ్ల చెంబులతో, వేపమండలతో వచ్చేవాళ్లు. రమ్యకృష్ణ అమ్మవారి రూపంలో కళ్లు తెరవగానే నలుగురైదుగురికి పూనకం. ఒకావిడ తెర దాకా వెళ్లి కుంకుమ జల్లింది. ఆ మరక పోలేదు. తర్వాత వచ్చిన ప్రతి హీరో నుదుటికీ ఏదో ఒక ఫ్రేములో ఆ కుంకుమ తగిలేది.

ఆ తర్వాత జినాన్ దీపాలు వచ్చాయి. అవి వాటంతటవే వెలుగుతాయి, మర తిప్పక్కర్లేదు. నా కొలబద్ద అక్కడితో పోయింది. మంచి సినిమాలు రాలేదని కాదు. నేను నా పని మరిచిపోయే వీలు లేకుండా పోయింది.

ఇంకొక్కటే రాసి ముగిస్తాను. మా చిన్నమ్మాయిని సిరిసిల్ల వైపు ఇచ్చాం. 2023లో అక్కడికి వెళ్లినప్పుడు ఊరంతా కలిసి పంచాయతీ ఆఫీసు ముందు తెర కట్టారు, ‘బలగం’ వేస్తున్నారన్నారు. ఆ నెలల్లో తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల అట్లాగే ఆరుబయట వేసుకున్నారు. యాభయ్యేళ్ల తర్వాత మళ్లీ ఆకాశం కింద తెర! నా కాళ్లు తిన్నగా మిషను దగ్గరికే నడిచాయి. మిషను అంటే టిఫిను డబ్బా అంత పెట్టె, ఒక ల్యాపుటాపు. దాని ముందు ఇంటర్ చదివే పిల్లగాడు. కాసేపు వాడి వెనక నిలబడ్డాను. వాడికి చేసే పనేమీ లేదు, ఫోను చూసుకుంటున్నాడు. నేను వెళ్లి చాప మీద కూర్చున్నాను. మనవరాలు ఒళ్లోకి వచ్చింది. బుద్ధి తెలిశాక నేల టికెట్టు మనిషిలా కూర్చుని సినిమా చూడటం అదే మొదటిసారి.

ముసలాయన పోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. మూడో రోజు ముట్టదు, అయిదో రోజు ముట్టదు. అన్నదమ్ములు, ఆడబిడ్డ, బామ్మర్ది, ఎప్పటివో పంతాలు. పక్కన కూర్చున్నవాళ్లు తెర మీది వాళ్లను తిట్టటం మానేసి ఒకళ్లనొకళ్లు చూసుకోవటం మొదలైంది. మా వియ్యంకుడికీ ఆయన తమ్ముడికీ గెట్టు దగ్గర పేచీ ఉందని నాకు తెలుసు. తమ్ముడు నాలుగు చాపల అవతల ఉన్నాడు. చివర్లో బుడగ జంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాట మొదలైంది. ఆ డక్కీ మోతకు ఊరు ఊరంతా వంగిపోయింది. నా కళ్లకు తెర మసకేసింది. కార్బన్ పోతోంది అనుకున్నాను.

“తాతా, చెయ్యి ఏంది అట్ల తిప్పుతున్నవ్?” అంది మనవరాలు.

చూసుకుంటే నా కుడిచెయ్యి గాల్లో మర తిప్పుతోంది.

ప్రింటు తెగినప్పుడల్లా అతికించటానికి ఒకటి రెండు ఫ్రేములు కత్తిరించి పారెయ్యాలి. నేను పారెయ్యకుండా బిస్కట్ల డబ్బాలో దాచేవాణ్ని. పైన రాసిన సినిమాల్లో చాలావాటి ముక్కలు అందులో ఉన్నాయి. బలగానిది లేదు, దానికి ఫిల్మే లేదు కదా. కవరులో ఒక ముక్క పెట్టి పంపుతున్నాను. మడత పెట్టకండి, పెళుసుబారింది. ఎండకు ఎదురుగా పట్టుకుంటే పళ్లెంలో నాలుగు లడ్డూలు, గాల్లో ఒకటి కనపడతాయి. మీ సినిమా పేజీ కుర్రాళ్లకు కళ్లు మంచివి కదా, తీగ ఎక్కడుందో చూడమనండి. కనపడితే ఒక కార్డు ముక్క రాయించండి.

ఇట్లు,
రిటైరైన సినిమా ఆపరేటరు,
తెనాలి